ధర్మకర్తల బాధ్యత

సికింద్రాబాదు రైలునిలయమున పదవ నంబరు ప్లాట్‌ఫారము వైపునుండి వెలుపలికి వచ్చువాడు మొట్టమొదట అడుగుపెట్టునది మా బోయిగూడలోనే. పేరునుబట్టి చూడగా ఇది పల్లకీలు మోసిన బోయీలు కాపురముండిన గూడెమని తోచును. ఇప్పుడిచ్చట కలప అడితీలును, పాతసామానుల గోదాములును, ఇరుకు సందులలో అద్దెగదులును గలవు. సమీపముననే ముషీరాబాదులో గాంధీ ఆసుపత్రి యున్నది. 1851లో చిన్న వైద్యశాలగా మొదలైన ఆ సంస్థ 2003లో ఇప్పటి చోటికి మారినది. అది మొదలు జిల్లాలనుండి వచ్చిన రోగుల బంధువులు పరిసరపు వీథులలో పగలు నిలిచి, రాత్రి పండుకొనుట మేము నిత్యము చూచుచున్నాము. వారికి అన్నము పెట్టువారును, దుప్పట్లు పంచువారును, మందులు కొని యిచ్చువారును కొఱతపడలేదు. మన దేశమున దాతలకు కొఱత యున్నదని మేమెన్నడును అనుకొనలేదు. దాత చేయి విడిచిన రూపాయి ఆకలిగొన్నవాని చేతికి చేరువఱకు దానిని మోయువా డెవడు, వాడు దేనికి బద్ధుడు, దారితప్పినచో వానిని నిలువరించుట ఎట్లు అను ప్రశ్నలను మాత్రము విద్యావంతులు సైతము అరుదుగా అడుగుచున్నారు. ఈ పాఠము ఆ ప్రశ్నలను గూర్చినది.

ధర్మకర్త యను మాటను మనవారు గౌరవపదముగా వాడుచున్నారు. పెండ్లిపత్రికలమీద, శిలాఫలకములమీద, సభావేదికలమీద ఆ మాట బిరుదువలె వెలయుచున్నది. న్యాయశాస్త్రమున నది బిరుదు కాదు, బరువు. ఆస్తి ధర్మకర్త పేరిట నుండును. చెక్కుమీద సంతకము ఆయనదే. అద్దెచీటి ఆయన పేరిటనే వ్రాయబడును. అయినను అందులో ఒక్క దమ్మిడీ ఆయనది కాదు. పేరు ఒకనిది, ఫలము మఱియొకనిది. లోకములో తక్కిన యాస్తి యంతయు అనుభవించువాని కావలిలో నుండును. ధర్మాస్తి యొక్కటే అనుభవింపగూడనివాని కావలిలో నుండును. కంచె చేను మేయుట యను సామెత ఇందులకే పుట్టినదేమో యని మాకు తోచును.

1882 నాటి భారత న్యాసముల చట్టము ఈ సంబంధమును వివరించినది. ఆ చట్టము ప్రైవేటు న్యాసములకు సంబంధించినదే గాని, ప్రజల కుద్దేశింపబడిన ధర్మసంస్థలకు నేరుగా వర్తింపదు. దీనిని పట్టుకొని, మాకు ఏ చట్టమును లేదని మురియు ధర్మకర్తలను మేమెఱుగుదుము. అది పొరపాటు. ఆ చట్టమునకు ఆధారమైన సామాన్యసూత్రములను న్యాయస్థానములు ప్రజాధర్మములకును వర్తింపజేయుచునే యున్నవి. మితబుద్ధిగల మనుష్యుడు తన సొంత సొమ్మును ఎంత జాగ్రత్తతో చూచుకొనునో అంత జాగ్రత్తతో ధర్మధనమును చూడవలెనని 15వ సెక్షను చెప్పుచున్నది. ఒకమాఱు బాధ్యతను అంగీకరించినవాడు తనకు విసుగు పుట్టినదని దానిని వదలివేయుటకు వీలులేదు. తాను చేయవలసిన నిర్ణయమును గుమాస్తామీదను, తోడి ధర్మకర్తమీదను వేసి తాను ఊరకుండుటకు వీలులేదు. దస్తావేజు అనుమతింపనిదే ప్రతిఫలము పుచ్చుకొనుటకును, న్యాసపు ఆస్తిని తన లాభమునకు వాడుటకును వీలులేదు. అమ్మవలసిన ఆస్తిని తానే కొనుటకు, తనవారిచేత కొనిపించుటకు వీలులేదు.

ఈ చివరి నియమము కఠినముగా కనబడును. ధర మంచిదే యిచ్చితిని గదా, ధర్మమునకు నష్టమేమి అని అడుగువారు గలరు. ఇంగ్లండులో 1726లో తీర్పు చెప్పబడిన కీచ్ సాండ్‌ఫర్డు వ్యాజ్యము ఈ ప్రశ్నకు సమాధానము. రమ్‌ఫర్డు సంతయొక్క కౌలుహక్కు ఒక బాలుని నిమిత్తము ఒక ధర్మకర్త చేతిలో నుండెను. గడువు ముగియగా, బాలుని నిమిత్తము కౌలు పొడిగింపుమని ఆయన భూస్వామి నడిగెను. భూస్వామి ఒప్పుకొనలేదు. అప్పుడు ఆ ధర్మకర్త తన పేరిట కౌలు పుచ్చుకొనెను. ఇందులో మోసమేమియు లేదు. బాలునికి ఎట్లును రాని హక్కునే ఆయన పుచ్చుకొనెను. అయినను లార్డు ఛాన్సలరు కింగు ఆ కౌలును దాని లాభమును బాలునికే చెందునని తీర్పు చెప్పెను. ధర్మకర్తకు అట్టి దారి తెఱచియుంచినచో భూస్వామి నిరాకరణలు ఎన్ని పుట్టుకొనివచ్చునో చెప్పనలవి కాదు. స్వార్థమునకు అవకాశమున్న చోట మనుష్యుడు తన మనస్సునే తాను నమ్మరాదని ఆ తీర్పుయొక్క సారము. ముప్పాతిక వంతు వకీళ్లు ఈ వ్యాజ్యమును పరీక్షకై చదివి మఱచినవారే, మేమును అందులోనివారమే. దాని యర్థము మాకు తెలిసినది తరువాత.

మన ప్రాంతమున దీనికి పెద్ద నిదర్శనము మద్రాసులోని పచ్చయ్యప్ప ధర్మము. పచ్చయ్యప్ప మొదలారి 1794లో మరణించెను. దేవాలయ సేవలకును, దానధర్మములకును తన ధనమును వినియోగింపవలెనని ఆయన మరణశాసనము వ్రాసిపోయెను. హిందువు డాంగ్లపద్ధతిని వ్రాసిన శాసనములలో నది మొదటివానిలోనిదని చెప్పుదురు. ధనము కలదు, శాసనము కలదు, ధర్మము మాత్రము జరుగలేదు. శాసనమును నెరవేర్పవలసినవారి చేతులలో ఆ సొమ్ము దశాబ్దములు చిక్కుకొని, తగవులు పెరిగి, తుదకు సుప్రీముకోర్టు మెట్లెక్కవలసివచ్చినది. అప్పటి అడ్వకేటు జనరలు జార్జి నార్టను మొదలైనవారి పూనికచే న్యాయస్థానము ఒక పథకమును ఏర్పఱచి, దేశీయులగు ధర్మకర్తల మండలికి దానిని అప్పగించినది. దేవాలయ సేవలకు పోగా మిగిలిన ధనము విద్యకు వినియోగమై 1842లో మద్రాసులో పాఠశాల తెఱవబడెను. 1889లో అది కళాశాల యయ్యెను. తెలుగువారు గర్వింపదగిన గాజుల లక్ష్మీనరసుశ్రేష్ఠిగారు ఆ మండలిలో పనిచేసినవారే.

1794కును 1842కును నడుమ 48 సంవత్సరములు గడచినవి. ఆ కాలమున చదువుకొనవలసిన బాలుడు చదువుకొనక తాతయై యుండును. ఈ ఆలస్యమునకు ఎవడో యొక దుర్మార్గుడే కారణమని చెప్పుకొని తృప్తిపడుట సులభము. అయితే దాత బ్రతికియుండగా నిర్వాహకులను నిలిపి, వారిచే లెక్క చెప్పించుకొనక, అంతయు మరణానంతరమునకు విడిచిపెట్టుటయు ఒక కారణమని మా అభిప్రాయము. ఆ ధర్మము పిదప వేలాదిమందికి విద్య నిచ్చినది. అయినను ఈ శతాబ్దములో సైతము దాని పరిపాలనను గూర్చి తగవులు పుట్టి, మద్రాసు హైకోర్టు నిర్వాహకుని నియమింపవలసివచ్చినది. ఒకమాఱు చక్కబెట్టిన ధర్మము ఎల్లకాలము చక్కగా నుండునని తలపరాదు.

దీనికి ప్రక్కగా రాజమహేంద్రవరమును చూడుడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన ప్రథమ వితంతువివాహమును జరిపించిరని పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ వివాహముల వెనుక నుండిన లెక్కపుస్తకమును మాత్రము మనవారు తలపరు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారివంటి దాతల ధనము లేనిదే ఆ కార్యము సాగియుండదు. పరుల ధనముతో పనిచేయుచు, బంధువుల బహిష్కారమును, శత్రువుల నిందను నెత్తిమీద నుంచుకొన్నవానికి లెక్కలే కవచము. 1874లో తాము స్థాపించిన వివేకవర్ధనిలో ఉద్యోగుల లంచములను, పెద్దమనుష్యుల అక్రమములను బయటపెట్టినవారు తమ చిట్టాను దాచుకొనుట పొసగదు గదా.

పంతులుగారు చేసిన పనులలో న్యాయవాదులు మిక్కిలిగా మెచ్చదగినది హితకారిణీ సమాజ స్థాపనము. గత శతాబ్దపు తొలి దశకములో ఆయన ఆ సమాజమును ఏర్పఱచి, తన యావదాస్తిని దానికి వ్రాసియిచ్చెను. ఆయనకు సంతానము లేదు. ఆస్తిని జీవితాంతము తన చేతిలో నుంచుకొని, శాసనము వ్రాసి పోవచ్చును. అట్లు చేసినను లోకము పొగడియే యుండును. ఆయన బ్రతికియుండగనే ఆస్తిని తన చేతినుండి వేరుచేసి సంస్థ చేతిలో పెట్టెను. 1919లో ఆయన మద్రాసులో కన్నుమూసిన తరువాత కూడ ఆ సమాజము నిలిచినది, విద్యాలయములు నడిచినవి, ఆయన గ్రంథములు ఆ సమాజము పేరిటనే అచ్చుపడినవి. దాత తన కన్నులయెదుటనే ఇతరులచే తన ధర్మమును నడిపించి చూచుకొనుట, వారి తప్పులను దిద్దుట, తన యిష్టమునకు మాఱుగా వారు నిర్ణయించినప్పుడు ఓర్చుకొనుట మిక్కిలి కష్టమైన దానము. మనము ధర్మమును స్థాపించితిమని చెప్పుకొనుచునే, బీరువా తాళములు మొలత్రాటినుండి విప్పని పెద్దలను ఎందఱినో ఎఱుగుదుము.

ఇక మా యపరాధమును చెప్పవలసియున్నది. దానిని చెప్పక ఇతరులకు పాఠము చెప్పుట మాకు తగదు.

కొన్నేండ్ల క్రిందట, పేదకుటుంబముల బాలికలకు బడిరుసుము చెల్లించు ఒక చిన్న నిధికి మేము ధర్మకర్తలలో నొకరముగా చేరితిమి. మూలధనము ఆఱు లక్షలు, ధర్మకర్తలు ఐదుగురు. కోశాధికారి వర్తకుడు, సత్యవంతుడు, ఎవరికి కష్టము వచ్చినను ముందు నిలుచువాడు. సమావేశములు సాయంకాలము జరుగును. టీ వచ్చును, కుశలప్రశ్నలు నడచును, బాలికల పేర్లు చదివి చప్పట్లు కొట్టుదుము. చివరకు కోశాధికారి లెక్కకాగితమును చాచి, "వకీలుగారూ, ఇక్కడ మీ సంతకము" అని వ్రేలుపెట్టి చూపును. మేము సంతకము చేయుదుము. నాలుగు సంవత్సరములు ఇట్లే నడచినది. ఆ కాగితములో పెట్టుబడులు అను పేరున ఒక్క వరుస యుండెను. ఆ పెట్టుబడి ఎక్కడ, ఎవరివద్ద, ఏ పత్రముమీద అని మే మడుగలేదు. అడుగుట ఆయనను అవమానించుట యని మాకు తోచినది. వ్యాజ్యములో ప్రతిపక్షసాక్షిని నూఱు ప్రశ్నలడుగు మేము స్నేహితుని ఒక్క ప్రశ్న యడుగలేకపోతిమి.

ఐదవ సంవత్సరము జూన్ నెలలో ఒక స్త్రీ మా ఇంటికి వచ్చినది. ఆమె ఆసుపత్రిలో ఆయాగా పనిచేయునది. "సార్, మీటింగులో మా బిడ్డ పేరు చదివినారట. మరి ఫీజు కట్టలేదని బడిలో నిలబెట్టినారు, ఎందుకు సార్?" అని యడిగినది. మేము తెల్లబోయితిమి. విచారింపగా పందొమ్మిదిమంది బాలికల రుసుము చెల్లలేదని తేలినది. కోశాధికారి దొంగిలింపలేదు. బ్యాంకు ఏడు రూపాయల వడ్డీ యిచ్చుచుండగా, తన బంధువుని వ్యాపారము పండ్రెండు ఇచ్చునని నమ్మి, నిధికి మేలు చేయుచున్నానను తలపుతో ఆ సొమ్మును అందులో పెట్టెను. రెండేండ్లు వడ్డీ వచ్చినది, ఆ వడ్డీతోనే ఎక్కువమంది బాలికలను చేర్చుకొంటిమి, మేమందఱము మెచ్చుకొంటిమి. వ్యాపారము దివాలా తీసినది. ఆ మనుష్యుడు మాయెదుట కూర్చుండి చిన్నపిల్లవానివలె నేడ్చెను.

దొంగను శిక్షింపవచ్చును. సజ్జనుని నమ్మి పోగొట్టుకొన్న సొమ్మునకు ఎవరిని శిక్షింతుము? ఇక్కడనే చట్టము మాకు మొగము చూపినది. తోడి ధర్మకర్త చేసిన తప్పునకు తక్కినవారు సామాన్యముగా బాధ్యులు కారు. అయితే సొమ్మును ఆయన చేతికి అప్పగించి దాని వినియోగమును చూడనిచో, ఆయన సొమ్ము పుచ్చుకొనుచుండగా తగిన విచారణ చేయనిచో, తప్పు తెలిసియు దాచినచో బాధ్యులే యని 1882 చట్టపు 26వ సెక్షను చెప్పుచున్నది. అట్లు బాధ్యులైనవారిలో ప్రతివానినుండియు నష్టమంతయు రాబట్టవచ్చునని 27వ సెక్షను. ఆ రాత్రి ఆ రెండు సెక్షనులను చదివి, అవి మా పేరుపెట్టి వ్రాయబడినట్లు భావించితిమి. మా నిధి ప్రజాధర్మము గాబట్టి ఈ సెక్షనులు నేరుగా మాకు తగులవని వాదింపగల నేర్పు మాకున్నది. ఆ వాదమును ఆ తల్లి యెదుట చేయగలమా యని మమ్ము మేము ప్రశ్నించుకొంటిమి. ఐదుగురము కూర్చుండి భాగములు వేసికొని మూడేండ్లలో సొమ్ము తిరిగి నింపితిమి. కోశాధికారి తన యింటిస్థలము నమ్మి సగము తానే యిచ్చెను. ఆ సంవత్సరపు బడిరుసుము మొదట చెల్లించితిమి. అయినను ఇద్దఱు బాలికలు అప్పటికే బడి మానియుండిరి. ఒకతెకు పెండ్లియయ్యెను. ఆ లోటును ఏ భాగములతోను నింపలేకపోతిమి.

ఇంగ్లండులో కిడ్స్ కంపెనీ యను ధర్మసంస్థ 1996లో స్థాపితమై, నిరుపేద బాలలకు సేవచేయుచు ప్రభుత్వధనమును, ప్రజాధనమును విశేషముగా పొంది, 2015 ఆగస్టులో హఠాత్తుగా మూతపడినది. కష్టకాలమునకై దాచిన నిలువ సొమ్ము లేకుండుట ప్రధానలోపమని పార్లమెంటు కమిటీ 2016లో ఆక్షేపించినది. 2021లో న్యాయస్థానము ఆ ధర్మకర్తలను అనర్హులుగా ప్రకటించుటకు నిరాకరించి, వారి నిస్వార్థసేవను గౌరవించినది. ఆ తీర్పు న్యాయమైనదే యని మేము తలంతుము. జీతము లేక పనిచేయువారిని ప్రతి పొరపాటునకును వెంటాడినచో సజ్జను లెవరును ముందునకు రారు. అయితే ఒకనాటి ఉదయము తలుపు తట్టి, అది మూసియుండుట చూచిన బాలునికి ఆ తీర్పుతో నిమిత్తము లేదు.

కాబట్టి నిర్వహణ యనగా అనుమానము కాదు. స్నేహితుల నడుమ ప్రశ్నించుటకు సిగ్గుపడ నక్కరలేని ఏర్పాటు. బ్యాంకు పాసుపుస్తకమును, లెక్కకాగితమును ప్రక్కప్రక్కన పెట్టి చూచుట ప్రతి సమావేశమునకు మొదటి పని యైనచో అది ఎవరికిని అవమానము కాదు. చెక్కుపై ఇద్దఱి సంతకములుండవలెను. ఆ యిద్దఱు ఒకే యింటివారు కారాదు. ఖాళీ చెక్కులమీద ముందుగా సంతకములు చేసి యిచ్చుట ఈ పట్టణమున ఎంత వ్యాపించియున్నదో చెప్పిన పాఠకులు నమ్మరు. విదేశమునకు పోవుచు చెక్కుపుస్తకమంతయు సంతకము చేసిపోయిన ధర్మకర్తను మేము చూచితిమి. తీర్మానముల పుస్తకములో ఏమి నిర్ణయించితిమో మాత్రమే కాక, ఎందుకు నిర్ణయించితిమో, ఎవరు ఒప్పుకొనలేదో కూడ వ్రాయవలెను. వ్యతిరేకించినవాని పేరు వ్రాయుట మనవారికి నచ్చదు. అంతయు ఏకగ్రీవమని వ్రాయుట మన సభ్యత. ఆ సభ్యత మూలమున సత్యము చెప్పినవాడును, మౌనముగా నున్నవాడును ఒకే తప్పునకు బాధ్యులగుచున్నారు.

స్వార్థసంబంధమును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది, ఏలయనగా మేము చూచిన తగవులలో అధికభాగము ఇక్కడనే పుట్టినవి. సికింద్రాబాదులో పూర్వులు సత్రములకు, పాఠశాలలకు వీథివైపు మల్గీలు కట్టి యిచ్చిరి. ఆ యద్దెలతో ధర్మము నడువవలెనని వారి యుద్దేశము. ఒక ధర్మకర్త బావమఱిదికి మల్గీ కావలెను. అద్దె పాతదే, చీటి పాతదే. ఇరువదియేండ్లు గడచును. ప్రక్కన ప్రైవేటు మల్గీకి ముప్పదివేలు, ధర్మపు మల్గీకి తొమ్మిదివందలు. ఎవడును దొంగిలింపలేదు; ఒక కాగితము పుట్టలేదు; అయినను ధర్మపు ఆదాయమంతయు ఒక కుటుంబమునకు పోయినది. ఇట్టి సందర్భమున సంబంధమున్న ధర్మకర్త తన సంబంధమును వ్రాతమూలకముగా తెలిపి, ఆ విషయము చర్చకు వచ్చినప్పుడు గదినుండి లేచి వెలుపలికి పోవలెను. కూర్చుండి మౌనముగా నుండుట చాలదు. ఆయన కూర్చున్నంతసేపు తక్కినవారు ఆయన మొగము చూచుచుందురు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము కూడ సంస్థాపకునికిని, అతని బంధువులకును లాభము కలిగించిన ధర్మమునకు పన్నుమినహాయింపు పోవునని శాసించినది. 2026 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చునట్లు చేయబడిన 2025 నాటి క్రొత్త చట్టములోను ఆ నియమము వేఱు సంఖ్యలతో నిలిచినది. విదేశధనము పుచ్చుకొను సంస్థలకు 2010 చట్టమును, 2020 సవరణయు ఉన్నవి; ఆ సవరణచే పరిపాలనవ్యయము ఇరువది వంతులకు తగ్గింపబడినది. వానిని లెక్కలు వ్రాయువారు చూచుకొందురు; ఇక్కడ విస్తరింపము.

దాత ఉద్దేశమును గూర్చిన చిక్కు వేఱు. 2022 మార్చి 23వ తేదీ తెల్లవాఱుజామున మా బోయిగూడలోని పాతసామానుల గోదాములో నిప్పంటుకొని, పైగదిలో నిద్రించుచున్న బీహారు కూలీలు పదునొకండుగురు మరణించిరి. ఆ యుదయమున ఆ సందులో వ్యాపించిన పొగవాసన మేమింకను మఱువలేదు. రాష్ట్రప్రభుత్వము ఒక్కొక్క కుటుంబమునకు ఐదు లక్షలును, ప్రధానమంత్రి సహాయనిధినుండి రెండు లక్షలును ప్రకటింపబడెను. అట్టి విపత్తు జరిగినప్పుడెల్ల సజ్జనులు చందాలు ప్రోగుచేయుదురు. ఇప్పుడు ఫోనులో క్యూఆర్ కోడ్ చూపినచో ఒక్క పూటలో లక్షలు చేరును. ఆ సొమ్ము మృతుల కుటుంబములకు అని చెప్పి ప్రోగుచేయబడినచో, దానితో అంబులెన్సు కొనుటకు వీలులేదు, అది ఎంత మంచి పని యైనను. ఆ కుటుంబములు వేయిమైళ్ల దూరమున నుండును, వారసులెవరో తెలియదు, భార్యయా, తండ్రియా అని తగవు వచ్చును. అవసరమునకు మించి సొమ్ము చేరినచో మిగులు దేనికి? ప్రోగుచేయునప్పుడే, మిగిలినది కార్మికుల అగ్నిరక్షణకు వినియోగింపబడునని ఒక్క వాక్యము ప్రకటించినచో ఈ చిక్కు లేదు. ఆ ఒక్క వాక్యము వ్రాయనందున సంవత్సరములకొలది బ్యాంకులో మూలుగుచున్న విపత్తునిధులను మేము చూచియున్నాము. ప్రోగుచేసినవారు సజ్జనులే, దుఃఖము వేడిమీద వారికి ఆ వాక్యము తోచలేదు.

మొదటి ఉద్దేశము నెరవేరుట అసాధ్యమైనప్పుడు గాని, నెరవేరి సొమ్ము మిగిలినప్పుడు గాని, దానికి సమీపమైన మఱియొక ధర్మమునకు మార్చుటకు న్యాయస్థానమునకు అధికారము గలదు. పచ్చయ్యప్ప ధర్మపు మిగులు విద్యకు పోయినది ఈ దారిననే. ఈ అధికారము న్యాయస్థానమునది గాని ధర్మకర్తలది కాదు. తమకు నచ్చినట్లు మార్చుకొని, తరువాత తీర్మానము వ్రాసికొనుట చెల్లదు.

ధర్మకర్తలు దారితప్పినచో ప్రజలకు దిక్కేమి? 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులోని 92వ సెక్షను ఇందులకే యేర్పడినది. ఆ ధర్మములో సంబంధముగల ఇద్దఱు మనుష్యులు కలిసి న్యాయస్థానపు అనుమతితో వ్యాజ్యము వేయవచ్చును. 1976 సవరణకు పూర్వము అడ్వకేటు జనరలు అనుమతి కావలసియుండెను. ధర్మకర్తను తొలగింపుమనియు, క్రొత్తవానిని నియమింపుమనియు, లెక్కలు తీయింపుమనియు, పథకమును ఏర్పఱపుమనియు కోరవచ్చును. ధర్మధనమును సొంతమునకు వాడుకొన్నచో అది నమ్మకద్రోహనేరమును అగును. పూర్వము పీనల్ కోడులోను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షనులోను దానికి శిక్ష కలదు. రిజిస్టరైన సమాజములు 2001 నాటి చట్టముక్రింద ఏటేట కార్యవర్గపు జాబితాను రిజిస్ట్రారునకు పంపవలెను. ఈ పట్టణపు పాత సమాజములు కొన్ని ఫసలీ 1350 నాటి చట్టముక్రింద రిజిస్టరైనవి. ఉర్దూ దస్తావేజు చేతబట్టుకొని, దాని యర్థము తెలియని ధర్మకర్తలు మాయొద్దకు వచ్చుచుందురు. తాము బద్ధులైన పత్రమును చదువలేనివారు దానికి బద్ధులై యెట్లుందురు? అట్టివారికి మేము మొదట అనువాదము చేయించి, అందఱికి ఒక్కొక్క ప్రతి యిచ్చి, ఆ పిమ్మటనే సలహా చెప్పుచున్నాము. వ్యాజ్యము వలన లాభపడువారు వకీళ్లని మేము దాచము. 92వ సెక్షను వ్యాజ్యములు ఏండ్లతరబడి నడచును. ఖర్చు తుదకు ధర్మపు సొమ్మునుండియే పోవును. మల్గీ అద్దెను గూర్చి ఒక ఆయా అడిగిన ఒక్క ప్రశ్నకు సకాలమున సమాధానము చెప్పియున్నచో అట్టి వ్యాజ్యములు సగము పుట్టవు.

ఆ తల్లిని తలచుకొనుటచేత మా నిధిలో ఒక మార్పు చేసితిమి. ధర్మము పొందువారిలోనుండి ఒకరు ధర్మకర్తల మండలిలో నుండవలెనని దస్తావేజును సవరించుకొంటిమి. ఒక్కొక్క ధర్మకర్తకు మూడేండ్ల గడువు; రెండు పర్యాయములకు మించి కొనసాగుటకు వీలులేదు. పెద్దలలో ఒకరు కోపగించి వెళ్లిపోయిరి. ఇప్పుడు మండలిలో నున్నవారిలో, పూర్వము ఈ నిధిచే చదివి బి.కాం. ముగించిన ఒక అమ్మాయి కలదు. గడచిన సమావేశమున పాసుపుస్తకమును, ఆవర్జాను సరిచూచుచు, పుస్తకముల రవాణాకు వ్రాసిన ఆటో కిరాయి రూ. 340లకు రశీదు కనబడలేదని ఆమె ఆపినది. ఆ ఖర్చు వ్రాసినవారము మేమే. అది నిజమైన ఖర్చేనని మేము చెప్పితిమి. నిజమే కావచ్చును సార్, రశీదు లేదు గదా అని ఆమె వినయముగా ననెను. ఇరువది నిమిషములు చర్చ జరిగినది, టీ చల్లాఱినది, ఆ పద్దును ఆమోదింపక తరువాతి సమావేశమునకు వాయిదా వేసి, తీర్మానపుస్తకములో అట్లే వ్రాసి ఐదుగురము సంతకములు చేసితిమి.